ఒక యేటి గడువు



ఒక బాలిక గెలిచి వచ్చిన పిమ్మట ఆమెను మెచ్చుకొనుట మిక్కిలి సులభము. పూలదండకు వెల స్వల్పము. ఊరేగింపునకు మనుష్యుల కొదువ యుండదు. కాని యా గెలుపునకు ముందు మరియొక కాలము కలదు. ఆ కాలమున ఆమె పేరు ఏ పత్రికయందును ఉండదు. చేతికి పైకము రాదు. చదువు చెడునేమోయని తండ్రి భయపడును. పిల్ల యెండకు నల్లబడుచున్నదని చుట్టములు పెదవి విరుతురు. సందెవేళ బిడ్డ గడప తొక్కువరకు తల్లి వీధివైపు చూచుచు నిలుచును. ఆ కాలమున ఇంటివారు ఏమి చేసిరి, ఏమి చేయవలెను అనునదియే మేము నేడు మీతో ముచ్చటింపదలచిన విషయము.

ఇందులకు మాకు స్వంత కారణమొకటి కలదు. మా ఆడుబిడ్డ కుమార్తె పదవ తరగతి చదువుచున్నది. పాపఘ్ని కావలి యొడ్డున నొక పల్లెలో వారి కాపురము. ఆ పిల్ల మూడేండ్లుగా ఊరి మగపిల్లలతో కూడి, పంట తీసిన వేరుసెనగ చేనులలో క్రికెట్ ఆడుచున్నది. పరీక్షలు ముగిసిన పిమ్మట కడపకు పోయి శిక్షణ పొందెదనని ఇప్పుడు పట్టుబట్టినది. తల్లి ఔననలేదు, కాదనలేదు. తండ్రి మాకు అన్నగారి వరుస. ఆయన మా వారికి ఫోను చేసి, "బావా, నీవు బడిపంతులవు, పిల్లల సంగతి తెలిసినవాడవు. చెల్లెలు నాలుగు గ్రంథములు చదివినది. మీరిద్దరును ఆలోచించి చెప్పండి. మీరెట్లు చెప్పిన నట్లే చేసెదను" అని భారము నంతయు మా యింటిపై నుంచెను. మా వారు ఆ భారమును మాపై నుంచి బడికి వెళ్లిపోయిరి!

అప్పటినుండి మేము ఆలోచించుచున్నాము. దృష్టాంతము కొరకు దూరదేశములకు పోనక్కర లేకపోయినది. మా వేంపల్లెకు అనతిదూరముననే వీరపునాయునిపల్లె మండలమున ఎర్రమల్లె యను గ్రామము కలదు. నల్లపురెడ్డి శ్రీచరణి ఆ గ్రామపు బిడ్డ. 2004వ సంవత్సరము ఆగష్టు 4వ తేదీన జన్మించినది. తండ్రి మా జిల్లాలోని రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రమున ఉద్యోగి. వారిది సిరిసంపదలలో తులతూగు నిల్లు కాదు. నెలజీతముతో గడచు కుటుంబము. ఇరువదియొకటవ యేట, 2025వ సంవత్సరము నవంబరు 2వ తేదీన, ప్రపంచ కప్పును గెలిచిన భారత స్త్రీల జట్టులో ఆమె నిలిచినది. ఈ సంగతి మీరెల్లరు నెరిగినదే. దానికి ముందు జరిగినది చూతము.

చిన్నతనమున ఆమె ఖోఖో ఆడెను, బ్యాడ్మింటన్ ఆడెను, పరుగుపందెములలో పాల్గొనెను. ఇంట క్రికెట్ బంతిని ఆమెకు పరిచయము చేసినవాడు మేనమామ. మన యిండ్లలో మేనమామ యనిన ఏమి చేయవలెనో మనకు తెలియును. చెవులు కుట్టించునాడు మేనకోడలిని ఒడిలో కూర్చుండబెట్టుకొనును. పెండ్లినాడు ఆమెను గంపలో మోసికొని వచ్చును. ఈ మేనమామ యిచ్చిన కానుక వేరు విధమైనది. ఆ కానుక పెట్టెలో దాచుకొనునది కాదు, ప్రతిదినమును చెమటోడ్చి తన దనిపించుకొనవలసినది. పదునారేండ్ల ప్రాయమున ఆమె క్రికెట్టునే తన మార్గముగా ఎంచుకొన్నది. తల్లి సంతోషించెను. తండ్రి వెంటనే ఒప్పుకొనలేదు.

ఆ తండ్రిని నిందించుటకు మాకు నోరు రాదు. క్రికెట్ ఆడు ఆడుపిల్లకు ముందేమి గతియని అడిగినచో, ఆనాడు ఎవ్వరును నిశ్చయముగా చెప్పగలవారు కారు. అదే పిల్ల ఇంజనీరింగు చదివెదననిన యెడల ఫలానా కళాశాల, ఫలానా రుసుము, ఫలానా ఉద్యోగమని లెక్క చెప్పవచ్చును. ఈ దారికి అట్టి లెక్క లేదు. లెక్క తెలియని దారిని బిడ్డను పంపుటకు తండ్రి వెనుదీయుట ప్రేమలేమి కాదు. అయినను ఆయన తుదకు ఒప్పుకొనెను. మాకు ఆ ఒప్పుకొనుటయే ఆమె జీవితమున మొదటి విజయముగా తోచుచున్నది.

బంతి మన యాడువారికి క్రొత్తది కాదు. దండి మహాకవి దశకుమారచరితమున కందుకావతి యను రాజపుత్రిక కథ కలదు. కేతన దానిని తెనుగున చెప్పెను. ఆ కన్య ప్రతిమాసమును కృత్తికా నక్షత్రమున వింధ్యవాసినీ దేవి యెదుట, జనులెల్లరు చూచుచుండగా, బంతియాట యాడును. తగిన భర్త లభించుటకై యామె పట్టిన వ్రతమది. మేము చిన్ననాడు తండ్రిగారియొద్ద ఈ కథను చదివితిమి. ఇప్పుడు తలచుకొనిన నవ్వు వచ్చుచున్నది. ఆ కాలమున భర్త దొరకుటకై కన్యచే బంతి యాడించిరి. ఈ కాలమున బంతి యాడినచో భర్త దొరకడని కన్యను ఆపుచున్నాము!

ఇక నామె విద్య యెట్టిదో చెప్పెదము. మనలో చాలమంది వంటయింటినుండి వచ్చుచు పోవుచు ఈ యాటను చూతుము. ఎవరు పరుగు తీసిరో, ఎందుకు కేకలు వేయుచున్నారో తెలియక మరల పొయ్యిదగ్గరకు పోవుదుము. బంతి వేయు చోటినుండి బ్యాటు పట్టిన చోటికి నడుమ, వికెట్లకు వికెట్లకు, ఇరువదిరెండు గజముల దూరము. స్త్రీల ఆటలో బంతి బరువు 140 నుండి 151 గ్రాములు. ఆరు బంతులు ఒక ఓవరు. ఒకదినపు ఆటలో ఒక్కరు పది ఓవర్లకు మించి వేయరాదు. ఇరువది ఓవర్ల ఆటలో నాలుగింటికి మించి వేయరాదు. అనగా పెద్ద యాటలో సయితము ఆమెకు అరువది బంతులే దక్కును. ఆ అరువదింటిలోనే తన యేండ్ల సాధనను చూపవలెను.

శ్రీచరణి వేగముగా విసరునది కాదు. నెమ్మదిగా, వ్రేళ్లతో త్రిప్పి వేయును. అదియు నెడమచేతితో వేయును. ఆ బంతి నేలను తాకి, కుడిచేతి వాటమున బ్యాటు పట్టినవారికి దూరముగా తొలగును. అది అందునని ముందునకు వచ్చిన వారికి అందక పోవును. తిరుగునని కాచుకొన్నవారికి ఒక్కొక్కసారి తిరుగక నేరుగా వచ్చి కాలిని తాకును. బలము కంటె ఓర్పు, వేగము కంటె ఎదుటివారి మనస్సును కనిపెట్టుట ఇందు ముఖ్యము. ఒక బంతిని ఆరు పరుగులకు కొట్టినను ముఖము చిన్నబుచ్చుకొనక, మరుసటి బంతిని మరల అచ్చటనే, కొంచెము మెల్లగా వేయగల గుండె నిబ్బరము కావలెను. ఇట్టి నిబ్బరము మన స్త్రీలకు క్రొత్తగా నేర్పవలసినది కాదని మా యభిప్రాయము.

ఎడమచేయి యనగానే మరియొక సంగతి జ్ఞప్తికి వచ్చుచున్నది. మన యిండ్లలో ఆడుపిల్ల ఎడమచేతితో అన్నము వడ్డించినను, పసుపుకుంకుమ లిచ్చినను పెద్దలు సహింపరు. ఎన్ని చేతులపై ఎన్ని దెబ్బలు పడినవో మీకు తెలియును. విస్తరియొద్ద ఆ మర్యాద ఉండుగాక. కాని దేవుడు ఒక బిడ్డకు ఎడమచేతిలో నేర్పు నుంచి పంపినప్పుడు, దానిని వెలికి రానిచ్చు చోటొకటి ఆమెకు కావలెను గదా. ఆ చోటు శ్రీచరణికి ఆటస్థలమున దొరికినది.

ఆంధ్ర జట్టున ఆడుచు ఆమె పేరు తెచ్చుకొనెను. స్త్రీల ప్రీమియర్ లీగు 2023లో ప్రారంభమైనది. ఆ లీగు కొరకు 2024 డిసెంబరు 15వ తేదీన బెంగుళూరున జరిగిన వేలములో, పది లక్షల రూపాయల మూలధరతో పిలిచిన ఆమె పేరు యేబదియైదు లక్షలకు పోయెను. ఢిల్లీ క్యాపిటల్స్ జట్టువారు తీసికొనిరి. ఈ వార్తను మేము చదివి వినిపించినప్పుడు మా యత్తగారు చేతిలోని చేటను క్రింద పెట్టి, "ఏమే, ఆడపిల్లను యాలం ఏస్తారా?" యని విస్తుపోయిరి. వేలమున పోయినది పిల్ల కాదనియు, ఆ కాలమునకు ఆమె నైపుణ్యమునకు పలికిన వెల యనియు, మగవారి విషయమునను ఇట్లే జరుగుననియు మేము విన్నవించితిమి. అత్తగారు కొంతసేపు ఊరకుండి, "అట్లయితే పైకం ఎవరికి పోతాది?" అని యడిగిరి. పిల్లకే యని చెప్పగా, "సరే" యని చేట నందుకొనిరి. ఆ ప్రశ్నలోని లోకజ్ఞానమును మేము మెచ్చుకొంటిమి.

2025 ఏప్రిల్ 27వ తేదీన కొలంబోలో శ్రీలంక జట్టుపై ఆమె భారతదేశము పక్షమున మొదటి యొకదినపు ఆట ఆడెను. జూన్ 28వ తేదీన ఇంగ్లాండు దేశమున నాటింగుహాము నగరమందు ఇరువది ఓవర్ల ఆటలో ప్రవేశించెను. ఆనాడు నాలుగు ఓవర్లు నిండకుండగనే పండ్రెండు పరుగులిచ్చి నలుగురిని వెనుకకు పంపెను. మొదటి యాటకే యిట్టి ఫలితము అరుదు. ఆ యైదాటల వరుసలో పది వికెట్లు తీసి, వరుస కంతటికిని ఉత్తమ క్రీడాకారిణి యనిపించుకొనెను. భారత జట్టు 3-2 తేడాతో గెలిచెను. వేరుసెనగ చేల నడుమ పెరిగిన పిల్ల, మబ్బు మూసిన ఆంగ్లదేశపు పచ్చిక మైదానమున ఇంత స్థిరముగా నిలుచుట చూచి మేము విస్మయపడితిమి.

పిమ్మట ప్రపంచ కప్పు వచ్చినది. అక్టోబరు 12వ తేదీన విశాఖపట్టణమున ఆస్ట్రేలియా జట్టుతో ఆట. ఆ దినముననే అచ్చటి మైదానములోని రెండు ప్రేక్షకస్థానములకు మిథాలీ రాజ్, రావి కల్పన యను ఇద్దరి పేర్లు పెట్టిరి. మిథాలీ రాజ్ హైదరాబాదున ఆట నేర్చినది. 1999లో పదునారేండ్ల ప్రాయమున తన మొదటి ఒకదినపు ఆటలో 114 పరుగులు చేసి అజేయముగా నిలిచినది. 2022 వరకు దేశము కొరకు ఆడినది. రావి కల్పన వికెట్ల వెనుక నిలిచి బంతిని పట్టు విద్యలో ఆంధ్రదేశము నుండి భారత జట్టునకు ఎక్కినది. వారిద్దరి పేర్లు వ్రాసిన మైదానమున ఆనాడు శ్రీచరణి పది ఓవర్లు వేసి, 41 పరుగులకు మూడు వికెట్లు తీసెను. అయినను ఆట మనది కాలేదు. మనవారు చేసిన 330 పరుగులను ఆస్ట్రేలియావారు దాటిరి. తన పనిని తాను చక్కగా చేసినను జట్టు ఓడిపోవుట యనునది ఎట్టిదో ఆ బాలిక ఆనాడు చూచెను. గృహిణులమైన మనకు ఈ యనుభవము తెలియనిది కాదు.

వరుసగా మూడు ఆటలు ఓడిన జట్టును జనులు పలువిధముల ఆడిపోసికొనిరి. అక్టోబరు 30వ తేదీన అదే ఆస్ట్రేలియాతో సెమీఫైనలు జరిగెను. ఎదుటివారు 338 పరుగులు కుప్పపోసిన యాటలో శ్రీచరణి పది ఓవర్లకు 49 పరుగులే యిచ్చి ఇద్దరిని వెనుకకు పంపెను. జెమిమా రోడ్రిగ్స్ 127 పరుగులతో అజేయురాలై నిలువగా మనవారు ఆ లక్ష్యమును దాటిరి.

నవంబరు 2వ తేదీ ఆదివారము. కార్తికమాసము, నాటి సాయంకాలము క్షీరాబ్ధి ద్వాదశి. నవీ ముంబయిలో వానచే ఆట రెండు గంటలు ఆలస్యముగా మొదలైనది. మా వీధిలోని స్త్రీలు తులసికోటయొద్ద ఉసిరికొమ్మ నాటి, దీపములు వెలిగించి, ప్రసాదములు పంచుకొని, ఒక్కొక్కరుగా మా యింటికి చేరిరి. మా వారి పాత టెలివిజను ముందు నడవయంతయు నిండిపోయినది. అంతకుముందు క్రికెట్ చూడని ముత్తైదువలు కూడ "మన కడప పిల్ల ఏదీ?" యని యడుగుచు కూర్చుండిరి. షఫాలీ వర్మ 87 పరుగులు చేసెను. మనవారికి ఏడు వికెట్లకు 298 వచ్చినవి. శ్రీచరణి బంతి దక్షిణాఫ్రికా ఆటగత్తె కాలిని తాకి, ఒక్క పరుగైనను చేయనీయక ఆమెను వెనుకకు పంపినప్పుడు మా నడవలో లేచిన కేకకు పెరటిలోని యెనుము బెదరినది. దీప్తి శర్మ ఐదు వికెట్లు తీసెను. నడిరేయి వేళకు దక్షిణాఫ్రికా 246 పరుగులకు ముగిసి, 52 పరుగుల తేడాతో కప్పు మన దేశమునకు వచ్చినది. ఆ పోటీ యంతటిలో శ్రీచరణి తీసిన వికెట్లు పదునాలుగు. మనవారిలో దీప్తి శర్మ తరువాత ఆమెదే అధికము.

తరువాత ఫలములు వచ్చినవి. రాష్ట్ర ప్రభుత్వము రెండున్నర కోట్ల రూపాయలు, గ్రూప్-1 ఉద్యోగము, కడపలో వేయి గజముల యింటిస్థలము ప్రకటించినది. ఆ నవంబరు 27వ తేదీ వేలములో ఆమె వెల ఒక కోటి ముప్పది లక్షలైనది. మాకు ఫోను చేసిన యన్నగారు ఈ యంకెలను కూడ చెప్పిరి. "ఇంత వచ్చునేమో బావా!" యని ఆయన కంఠమున నొక యాశ వినవచ్చినదని మా వారు చెప్పిరి. మా కలత అచ్చటనే ప్రారంభమైనది.

ఏలయనగా, ఆ యంకెలను చూచి బిడ్డను పంపిన తండ్రి, ఆ యంకెలు రానినాడు బిడ్డను కోపించును. ఒక జట్టున ఆడువారు పదునొకండుగురు మాత్రమే. ఆంధ్రదేశమున ఏ సందెవేళ చూచినను ఎందరో బాలికలు బంతి వేయుచుందురు. అందరును శ్రీచరణులు కాజాలరు. ఈ సత్యమును దాచి సలహా చెప్పుట మాకు ధర్మముగా తోచలేదు.

అట్లని వలదని చెప్పుటకును మాకు మనస్సొప్పలేదు. మన పెద్దల కాలమున ఈ దారియే లేదు. భారత స్త్రీల క్రికెట్ సంఘము 1973లో ఏర్పడినది. ఆనాటి ఆటగత్తెలు రిజర్వేషను లేని రైలుపెట్టెలలో ప్రయాణము చేసిరి, నేలపై పరుండిరి, పైకము లేకున్నను ఆడిరి. 2006లో స్త్రీల ఆట పెద్ద బోర్డు పాలనలోనికి వచ్చినది. 2005లోను, 2017లోను మనవారు ప్రపంచ కప్పు తుదిమెట్టువరకు పోయి ఓడిరి. 2022 అక్టోబరున స్త్రీపురుషులకు ఆటరుసుము సమానమని బోర్డువారు ప్రకటించిరి: టెస్టునకు పదునైదు లక్షలు, ఒకదినపు ఆటకు ఆరు లక్షలు, ఇరువది ఓవర్ల ఆటకు మూడు లక్షలు. దారి వేసినవారు పైకము చూడలేదు. వారు వేసిన దారిని నడచువారికి నేడు కూలి దక్కుచున్నది. కర్నూలు జిల్లాలోని ఆదోనికి చెందిన అంజలి శర్వాణి మా బోటి బడిపంతులింటి బిడ్డ. ఎడమచేతితో వేగముగా బంతి వేయును. ఆమె 2022 డిసెంబరున ఆస్ట్రేలియాపై భారత జట్టున ప్రవేశించినది. ఈ యెండుసీమనుండి పోయినది ఒక్కరే కాదన్నమాట.

ఇక నభ్యంతరములు. మా ఆడుబిడ్డ వానిని ఒక్కొక్కటిగా మాతో చెప్పెను. మేమును ఒక్కొక్కటిగానే ఆలోచించితిమి.

మొదటిది, పిల్ల యెండకు నల్లబడును. ఇదే పిల్ల కలుపు తీయుటకు, వేరుసెనగ చెట్లు పెరుకుటకు పోయినప్పుడు ఇదే యెండ కాయును. అప్పుడు ఎవ్వరును రంగు మాట యెత్తరు. కావున ఈ యభ్యంతరమును మేము పరిగణింపలేదు.

రెండవది, పెండ్లి. ఆడుట చేత వరుడు దొరకడేమోయను భయమునకు మా సమాధానము స్వల్పము. పదునైదేండ్ల పిల్లకు ఇప్పుడు కావలసినది వరుడు కాదు.

మూడవది, చదువు. ఇది సత్యమైన చింత. ఆట చాలించిన నాడు చేతిలో చదువొకటి యుండవలెను. దీనిని విడువ వీలులేదు.

నాల్గవది, సందెచీకటి, బస్సు ప్రయాణము, పరుల నడుమ ఒంటరిగా నుండుట. ఇదియు సత్యమే. దీనికి ధైర్యవచనములు చాలవు, ఏర్పాటు కావలెను. వెంట ఎవరు పోవుదురు, ఏ బస్సుకు తిరిగివత్తురు, శిక్షణ యిచ్చువారెవరు, అచ్చట ఇతర బాలికలు ఎందరు కలరు అని పెద్దలు స్వయముగా పోయి చూచి తెలిసికొనవలెను.

ఐదవది, ఖర్చు. తోలుబంతి, బూట్లు, కాలికట్లు, బస్సు చార్జీలు, పాలు, గ్రుడ్లు. ఇవి మధ్యతరగతి యింటికి స్వల్పము కావు. కాని యిట్టి ఖర్చును కుమారుని కోచింగునకు అడిగినప్పుడు ఎవరును లెక్క చూడరు. కూతురికి మాత్రము వేళ్లు మడచి లెక్క చూచుట న్యాయమా యని మేమడిగితిమి. ఆడుబిడ్డ మారు పలుకలేదు.

ఆరవది యన్నగారి మాట: "గెలుచునను నమ్మక మేమి?" ఈ ప్రశ్నకు సమాధానము ఆయన చేనిలోనే కలదు. మా సీమలో రైతు వానను చూచి విత్తడు. వాన వచ్చునని విత్తును. ఆకాశము మోసపుచ్చిన యేడు విత్తనపు ఖర్చు కూడ రాదు. అయినను మరుసటి తొలకరికి గొర్రు కట్టక మానడు. ఎండిన యేడు చేనిని తిట్టడు, విడిచిపెట్టడు. ఎన్నడును పూచీ యడుగక యేటేట మట్టిలో విత్తనములు పోయు చేయి, కన్నబిడ్డకు ఒక్క యేడు పోయవలసివచ్చినప్పుడు పూచీపత్రము నడుగుట యేల?

ఇంతవరకు తేలిన పిమ్మట మేము ఉత్తరము వ్రాసితిమి. ఫోనులో చెప్పిన మాట గాలిలో పోవును. కాగితముపై వ్రాసినది పిల్లయు చదువుకొనునని మా తలంపు. అందులోని సారమును మీకు చెప్పెదము.

పిల్లకు ఒక యేటి గడువు ఇయ్యవలెను. ఆ యేడు నిండువరకు ఎవ్వరును ఆమెను "ఎంతవరకు వచ్చినది?" యని అడుగరాదు. యేడు ముగిసిన నాడు ఆమె ఎన్ని వికెట్లు తీసినదని కాక, ఎన్ని ప్రొద్దులు తప్పక పోయినది, చెప్పినది నేర్చినదా, ఓడిన దినమున ఎట్లుండినది అని చూడవలెను. ఇంటర్మీడియేటు చదువు విడువరాదు. మా వారు ఆదివారములు లెక్కలు చెప్పెదరు. మొదటి నెల తండ్రియో మేనమామయో వెంట పోయి అచ్చటి మనుష్యులను చూచి రావలెను. ఆమె యింటిపనులు ఇన్ని కలవు గదా. వానిని తల్లి నెత్తిన వేయరాదు. పశువులకు నీరు పెట్టుట, సందెవేళ వాకిలి చిమ్ముట ఆమె యన్న చేయవలెను. చెల్లెలు బంతి వేయగలిగినప్పుడు అన్న చీపురు పట్టలేడా? యేడు ముగిసిన పిమ్మట ఆమెయే "ఇక చాలును" అనినయెడల, ఖర్చును ఎన్నడును ఎత్తిపొడువరాదు. ఆమె నేర్చిన పరుగు, ఓర్పు, నలుగురిలో తల యెత్తి నిలుచుట వ్యర్థములు కావు.

పిల్లకు వేరుగా రెండు వాక్యములు వ్రాసితిమి. శ్రీచరణి చిత్రమును గోడకు అతికించుకొనుము. కాని యామె పైకమును కాక ఆమె అరువది బంతులను తలచుకొనుమని మొదటిది. ఓడివచ్చిన దినమున కూడ ఈ యత్త యింట నీకు భోజనము కలదని రెండవది.

సోదరీమణులారా, మీ యిండ్లలోను ఇట్టి బాలిక ఉండవచ్చును. ఆమె కోరునది క్రికెట్టే కానక్కరలేదు. సంగీతమో, ఈతయో, మరియే విద్యయో కావచ్చును. ఆమె గెలిచి వచ్చిన దినమున హారతి పళ్లెము పట్టుటకు ఊరంతయు వచ్చును. గెలువని దినములలో ఆమెకున్నది మనమే. మా మాట మీకు సమ్మతమైనయెడల, అడుగుచున్న బిడ్డకు ఔననియో, ఇంత గడువనియో, ఇన్ని షరతులనియో స్పష్టముగా చెప్పుడు. ఔననక, కాదనక, ఏండ్లు గడపుట మాత్రము వలదు. ఆ మౌనములోనే పదునారేండ్లు ఇరువదియగును.

ఉత్తరము ముగించి మా వారికి చూపితిమి. ఆయన మొదటినుండి తుదివరకు చదివి, రెండు అక్షరదోషములు దిద్ది, అడుగున తమ చేతితో ఒక్క వాక్యము చేర్చిరి. మొదటి జత బూట్లు మేనమామవి యనియు, పిల్ల పాదమును కాగితముపై నుంచి చుట్టును గీత గీచి మరుటపాలో పంపవలెననియు.